ధ అడుగున గీత

పోయిన దసరాకి మా మేనకోడలు తన చీరల వ్యాపారం కోసం ఒక పోస్టర్ చేయించింది. మంగళగిరి నేత చీరలు, పండగ ధరలు, కింద ఫోన్ నంబరు. డిజైన్ చేసిన కుర్రాడి నుంచి ఆమెకీ, ఆమె నుంచి చుట్టాలకీ, వాళ్ల నుంచి నాకూ ఫోన్లు మారుతూ వచ్చింది. ఏదో తేడాగా అనిపించి వేళ్లతో పెద్దది చేసి చూశాను. 'ధర' అన్న మాటలో ధ అడుగున ఉండాల్సిన చిన్న నిలువు గీత మసకబారి పక్కనున్న చుక్కల్లో కలిసిపోయింది. మిగిలింది 'దర'. ఎర్రటి రంగు మీద పసుపు అక్షరాలు, ఒక్కో అక్షరం చుట్టూ దోమలు మూగినట్టు మురికి. ఈ రంగంలోని ఇంజనీర్లు కూడా ఆ మురికిని దోమల పేరుతోనే పిలుస్తారు.

అదే పోస్టర్ ఆమె వెబ్‌సైట్ మొదటి పేజీలో కూడా ఉంది. దాని కింద పన్నెండు చీరల ఫొటోలు.

"అత్తా, పేజీ తెరుచుకోవటం లేదంటున్నారు. చీర చూడకుండానే వెళ్లిపోతున్నారు. అన్నీ పీఎన్‌జీలోకి మార్చమని ఒకాయన, వెబ్‌పీ పెట్టమని ఇంకొకాయన. అసలు ఏది మంచిది?" అని అడిగింది.

వెబ్‌సైట్ల పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు తరచూ ఎదురవుతుంది. జవాబు ఒక్క పేరులో ఉండదు. ఆ గీత ఎక్కడికి పోయిందో తెలిస్తే ఏ బొమ్మకు ఏ ఫార్మాట్ సరిపోతుందో దానంతట అదే తెలుస్తుంది.

ఫోన్ కెమెరాతో తీసిన ఫొటోలో అడ్డంగా 3000, నిలువునా 4000 పిక్సెళ్లు ఉన్నాయనుకుందాం. మొత్తం కోటీ ఇరవై లక్షలు. ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో చెప్పడానికి మూడు బైట్లు కావాలి. ఉన్నది ఉన్నట్టు దాస్తే 36 ఎంబీ. ఫోన్‌లో మాత్రం ఆ ఫైలు ఏ నాలుగు ఎంబీలోనో ఉంటుంది. మిగిలిన 32 ఎంబీలో కొంత తెలివిగా మడతపెట్టి దాచింది, కొంత ఇక దొరకకుండా వదిలేసింది.

వదిలేసే పనిలో ఆరితేరింది జేపెగ్, మనం రోజూ జేపీజీ అనేది. 1992లో ప్రమాణంగా వచ్చింది. వెలుగునీడల్లో చిన్న తేడాను కూడా పట్టే మన కన్ను రంగు తేడాల దగ్గర అంత చురుగ్గా ఉండదు. జేపెగ్ మొదటి అడుగు ఆ సంగతి మీదే ఆధారపడుతుంది. మూడు రంగుల లెక్కను మార్చి వెలుతురును ఒక పక్కా, రంగును ఒక పక్కా రాసుకుంటుంది. వెలుతురును ప్రతి పిక్సెల్‌కూ విడిగా ఉంచుతుంది. రంగును మాత్రం, మామూలు సెట్టింగులో, పక్కపక్కనున్న నాలుగు పిక్సెళ్లకూ కలిపి ఒకసారే రాస్తుంది. ఆ నాలుగింటికి ముందు పన్నెండు అంకెలు కావలసి వచ్చేవి. ఇప్పుడు వెలుతురుకు నాలుగు, రంగుకు రెండు, వెరసి ఆరు. సగం బరువు అక్కడే దిగిపోయింది. పెళ్లి ఫొటోలోనో పొలం ఫొటోలోనో ఈ సంగతి ఎవరూ కనిపెట్టలేరు. ఎర్రటి గుడ్డ మీద దారమంత సన్నటి ఆకుపచ్చ గీత ఉంటే మాత్రం కనిపెడతారు. ఆ గీత రంగు పక్కకు కారినట్టుంటుంది.

రెండో అడుగు కోసం ఎనిమిది వరసలు, వరసకు ఎనిమిది చుక్కలు పెట్టిన ముగ్గును ఊహించుకోండి. జేపెగ్ బొమ్మ మొత్తాన్ని అలాంటి 64 చుక్కల గళ్లుగా కోస్తుంది. దాని దగ్గర 64 నమూనాలు సిద్ధంగా ఉంటాయి. మొదటిదాంట్లో గడి అంతా ఒకటే వెలుతురు. రెండోది ఎడమ నుంచి కుడికి మెల్లగా తెలుపు నుంచి నలుపులోకి జారుతుంది. పోను పోను చారలు దగ్గరపడి, చివరి నమూనా దాదాపు చదరంగం బల్లలా అయిపోతుంది. ఈ 64 నమూనాలను తగిన పాళ్లలో కలిపితే ఏ గడినైనా తిరిగి గీయవచ్చు. కాబట్టి చుక్కల విలువలకు బదులు ఏ నమూనా ఎంత పాలో రాసుకుంటే సరిపోతుంది.

ఈ రెండో అడుగులో పోయింది పెద్దగా ఏమీ లేదు. 64 అంకెల చోట మరో 64 అంకెలు వచ్చాయి, అంతే. పోయేది మూడో అడుగులో. సంతలో లెక్క తేల్చేటప్పుడు చిల్లర వదిలేసినట్టు, ఒక్కో పాలునూ ఒక్కో అంకెతో భాగించి దగ్గరలోని పూర్ణాంకానికి సర్దేస్తారు. జేపెగ్ ప్రమాణంలో ఉదాహరణగా ఇచ్చిన పట్టికలో మొదటి నమూనాకు భాజకం 16, చివరి నమూనాకు 99. మొదటి నమూనా పాలు 43 అనుకోండి. పదహారుతో భాగించి సర్దితే 3. విప్పేటప్పుడు తిరిగి హెచ్చిస్తే 48, అసలుకు దగ్గరే. చివరి నమూనా పాలు 37 అనుకోండి. 99తో భాగించి సర్దితే సున్నా, తిరిగి హెచ్చించినా సున్నాయే. ఇలా ప్రతి గడిలో సన్నటి నమూనాలు ఒకదాని తర్వాత ఒకటి సున్నాలైపోతాయి. వరసగా వచ్చే సున్నాలను 'ఇక్కడి నుంచి అన్నీ సున్నాలే' అని ఒక్క ముక్కలో రాయవచ్చు. ఫైలు చిక్కిపోయేది అందువల్ల. సేవ్ చేసేటప్పుడు 'క్వాలిటీ' అని కనపడే అంకె ఈ భాజకాలను పెంచుతుంది, తగ్గిస్తుంది. అది శాతం కాదు. ఒక సాఫ్ట్‌వేర్‌లో 80కీ మరో దాంట్లో 80కీ ఒకే కొలత ఉంటుందన్న భరోసా కూడా లేదు.

ఈ 64 నమూనాల లెక్క వెనక ఉన్న మనుషుల గురించి ఇక్కడ చెప్పాలి. దాన్ని డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అంటారు. ఆలోచన నాసిర్ అహ్మద్‌ది. బెంగళూరులో పుట్టి, అక్కడే ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్లి కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. 1972లో దీని మీద పరిశోధనకు అక్కడి జాతీయ సైన్స్ ఫౌండేషన్‌ను డబ్బు అడిగారు. రాలేదు. ఆలోచన మరీ సరళంగా ఉందని ఒక సమీక్షకుడు అన్నట్టు అహ్మద్ తర్వాత రాసుకున్నారు. ఆ మరుసటి వేసవిలో జీతం లేకపోయినా పని ఆపలేదు. తన విద్యార్థి టి. నటరాజన్‌తో, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ ప్రాంగణంలో పనిచేసే కె. ఆర్. రావుతో కలిసి 1974 జనవరిలో నాలుగు పేజీల పత్రం ప్రచురించారు. కె. ఆర్. రావు అంటే కామిశెట్టి రామమోహన్ రావు, మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవారు. మన ఫోన్లలోని పెళ్లి ఫొటోలు, పిల్లల ఫొటోలు, చూసే వీడియోలు చాలా మటుకు ఆ నాలుగు పేజీల మీద నిలబడి ఉన్నాయి. ఇంజనీరింగ్ చదివే మన పిల్లలకు ఈ లెక్క వస్తుంది గానీ ఈ పేర్లు తెలియవు. నాకది బాధగా ఉంటుంది.

ఇక ధ దగ్గరికి వద్దాం. ముఖం, ఆకాశం, గుడ్డ మడత వంటి వాటిలో వెలుతురు మెల్లగా మారుతుంది. మొదటి కొన్ని నమూనాలే ఆ గడి పని ముగించేస్తాయి, సన్నటివి వదిలేసినా లోటు తెలియదు. అక్షరం అలా కాదు. పసుపు ఆగిన చోట ఎరుపు ఒక్కసారిగా మొదలవుతుంది. ఆ అంచును కత్తితో కోసినట్టు నిలబెట్టాలంటే 64 నమూనాలూ పనిచేయాలి. సన్నటివి సున్నా అయితే మిగిలినవాటి అలలు అంచు దాటి పక్కకు పొంగుతాయి. ఆ పొంగే మనకు కనిపించిన దోమలు. ధ కింద గీత పోస్టర్‌లో మూడు పిక్సెళ్ల వెడల్పు, ఐదారు పిక్సెళ్ల పొడవు. మొత్తం ఒక గడిలో పట్టేసింది. దాని ప్రాణమంతా సన్నటి నమూనాల్లోనే ఉంది, అవే ముందుగా పోయాయి. పైగా ఫోన్లు మారిన ప్రతిసారీ యాప్ బొమ్మను విప్పి, కొంచెం చిన్నది చేసి, మళ్లీ కొత్తగా గళ్లు కోసి కుదించింది. నష్టం మీద నష్టం.

తెలుగు లిపికి ఈ నష్టం తక్కిన కొన్ని లిపుల కంటే ఎక్కువ తగులుతుంది. పకూ ఫకూ, చకూ ఛకూ, డకూ ఢకూ తేడా అడుగునున్న గీతే. ధకూ థకూ తేడా పొట్టలో చుక్క. అది కూడా ఒత్తుగా కిందికి దిగితే ఇంకా చిన్నదైపోతుంది. ఆ చుక్క పోయిన క్షణాన 'అర్థం' కాస్తా 'అర్ధం' అవుతుంది. అందుకే తెలుగు అక్షరాలున్న బొమ్మను జేపెగ్‌లో పెట్టవద్దని కనపడిన ప్రతివాళ్లకూ చెబుతుంటాను.

అక్షరాలు, గీతలు, స్క్రీన్‌షాట్లు, రేఖాచిత్రాలు ఇలాంటి వాటికి పీఎన్‌జీ సరైన చోటు. ఇది ఏదీ వదిలేయదు. ప్రతి పిక్సెల్‌నూ దాని ఎడమ, పై పొరుగువాళ్లను చూసి ఊహిస్తుంది. ఊహకూ నిజానికీ ఉన్న తేడా ఒక్కటే రాసుకుంటుంది. పోస్టర్‌లోని ఎర్రటి జాగాలో ఊహ ప్రతిసారీ నిజమవుతుంది కాబట్టి తేడా సున్నా, మళ్లీ సున్నా. ఆ సున్నాలను జిప్ ఫైలు చుట్టినట్టే చుట్టేస్తుంది. కానీ అదే పద్ధతి నేత గుడ్డ ఫొటో దగ్గర చతికిలపడుతుంది. దారాల గరుకు ఒక పక్క, కెమెరా సెన్సర్ వేసే సన్నటి ఇసుకలాంటి చుక్కలు ఒక పక్క, ఏ పిక్సెలూ పొరుగుదానిలా ఉండదు. మనం అనుకున్న చీర ఫొటోను పీఎన్‌జీలో దాస్తే పది ఎంబీ సులువుగా దాటుతుంది. "అన్నీ పీఎన్‌జీలోకి మార్చు" అన్న సలహా విని ఉంటే ఆ పేజీ ఇక తెరుచుకునేదే కాదు.

పీఎన్‌జీ పుట్టుకకు కారణం ఒక పేటెంటు. అంతకు ముందు ఈ పని చేసింది 1987లో కంప్యూసర్వ్ సంస్థ తెచ్చిన జిఫ్. దాన్లో వాడిన కుదింపు పద్ధతి మీద యూనిసిస్‌కు పేటెంటు ఉంది. 1994 చివర్లో జిఫ్ రాసే సాఫ్ట్‌వేర్లు ఇకమీదట రుసుము కట్టాలన్న ప్రకటన వచ్చింది. కొద్ది రోజుల్లోనే ఇంటర్నెట్‌లోని కొందరు ప్రోగ్రామర్లు ఎవరి సొత్తూ కాని కొత్త ఫార్మాట్‌కు కూర్చున్నారు. 1996కల్లా పీఎన్‌జీ ప్రమాణమైంది. జిఫ్ 256 రంగులకు మించి ఎరగదు, దీనికి ఆ హద్దు లేదు. వెనకున్న రంగు కనపడేలా అంచులను పారదర్శకంగా కూడా ఉంచగలదు. జిఫ్ ఈనాటికీ బతికుంది కదలాడే బొమ్మల పుణ్యాన. ఆ పనికి కూడా చిన్న ఎంపీ4 వీడియో ఎన్నో రెట్లు తేలిక.

చాలామంది చేసే ఒక పొరపాటు ఉంది. ఫైలు పేరు చివర జేపీజీ చెరిపి పీఎన్‌జీ అని రాసి, మారిపోయిందనుకుంటారు. ఒక పీఎన్‌జీ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పిచ్చి గుర్తుల మధ్య మొట్టమొదట్లోనే పి, ఎన్, జి అన్న ఇంగ్లీషు అక్షరాలు మూడూ వరసగా కనపడతాయి. జిఫ్ ఫైలు కూడా తన పేరుతోనే మొదలవుతుంది. బ్రౌజరు చూసేది ఆ లోపలి ముద్రను. పేరు మార్చినంత మాత్రాన అది మారదు, పోయిన గీత తిరిగి రాదు. జేపెగ్‌ను నిజంగానే పీఎన్‌జీలోకి మార్చినా అంతే, దోమలను కూడా అపురూపంగా దాచిపెడుతుంది. అందుకని డిజైన్ కుర్రాడి కంప్యూటర్ నుంచి అసలు ఫైలు తెప్పించాం.

తెప్పించాక, ఆ పోస్టర్‌ను ఏ ఫార్మాట్‌లోనూ వెబ్‌సైట్‌లో పెట్టలేదు. ధరలు, ఫోన్ నంబరు, పండగ తేదీలు అన్నీ మామూలు తెలుగు అక్షరాలుగా పేజీలో టైపు చేశాం. రంగుల నేపథ్యం ఒక్కటే బొమ్మ. నాకు అన్నిటికంటే పట్టుదల ఉన్న సంగతి ఇదే. బొమ్మలో ఉన్న తెలుగు వెతికితే దొరకదు. చూపు లేనివాళ్లకు పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అక్కడ అక్షరాలే కనపడవు. 'చీరల పోస్టర్' అని చిన్న వివరణ రాసిపెడితే అదొక్కటే చదువుతుంది, ధర చదవదు. వయసు మీదపడినవాళ్లు అక్షరం పెద్దది చేసుకుంటే బొమ్మలోని అక్షరం పెరగదు, మసకబారుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో మొదటి కూర్పు నుంచే చోటుంది. అయినా చాలా ఏళ్లపాటు మన పత్రికల సైట్లు సొంత ఫాంట్లతో నడిచాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులు కనపడేవి. తెలుగును బొమ్మగా పెడితేనే భద్రం అన్న భయం అప్పటిది, ఇంకా పోలేదు. ఇప్పటి ఫోన్లలో తెలుగు పుట్టుకతోనే ఉంటుంది. అక్షరం అందంగా కావాలంటే మండలి, రామభద్ర, గిడుగు వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, పేజీతో పాటే పంపవచ్చు.

దుకాణం ముద్ర సంగతి వేరు. ఆమె ముద్ర మగ్గం నాడె బొమ్మ, దాని కింద పేరు. దాన్ని ఎస్‌వీజీలో పెట్టాం. 2001 నుంచి ప్రమాణంగా ఉన్న ఈ ఫార్మాట్‌లో పిక్సెళ్లు ఉండవు. 'ఇక్కడి నుంచి అక్కడికి వంపు గీయి, లోపల ఈ రంగు నింపు' అన్న మాటలు ఉంటాయి, అంతే. ఫోన్ తెర మీదైనా షాపు బోర్డు మీదైనా అంచు అంతే పదునుగా ఉంటుంది, ఫైలు కొద్ది కేబీల్లో తేలిపోతుంది. ఒక్క జాగ్రత్త: దానిలోని తెలుగు పేరును డీటీపీ వాళ్లు చేసినట్టు 'కర్వ్స్'లోకి మార్పించాలి. లేకపోతే ఆ ఫాంటు లేని ఫోన్‌లో పేరు ఇంకో రూపంలో కనపడుతుంది. మార్పించాక అది బొమ్మే కాబట్టి, పేరును వివరణలో తప్పకుండా రాయాలి.

మిగిలినవి చీరల ఫొటోలు. ఇక్కడ ఫార్మాట్ కంటే ముందు కొలత. ఒక్కోటి నాలుగు ఎంబీ చొప్పున పన్నెండు ఫొటోలు, మొత్తం 48 ఎంబీ. సెకనుకు 10 మెగాబిట్లు వచ్చే చోట అవి దిగడానికి 38 సెకన్లు పడుతుంది. అడ్డంగా 1080 పిక్సెళ్లుండే ఫోన్ తెరకు 3000 పిక్సెళ్ల ఫొటో పంపితే మిగిలినదంతా దారి ఖర్చే. 1200 వెడల్పు, 1600 ఎత్తుకు తగ్గిస్తే పిక్సెళ్లు ఆరో వంతుకు వస్తాయి. ఇది ఒక్కటీ చేయకుండా ఎంత కొత్త ఫార్మాట్ పెట్టినా అంత లాభం ఉండదు.

తగ్గించాక కొత్తవాటి వైపు చూశాం. గూగుల్ 2010లో తెచ్చిన వెబ్‌పీ, 2019లో వచ్చిన ఏవిఫ్, రెండూ వీడియో బిడ్డలే. వీడియోను కుదించే పద్ధతిలోంచి ఒక్క ఫ్రేమును విడదీసి ఫొటోగా చేశారు. ఇవి గడిని పొరుగు గళ్లను చూసి ముందే ఊహిస్తాయి, తేడాను మాత్రమే ముగ్గు లెక్కలో వేస్తాయి. వెబ్‌పీ జేపెగ్ కంటే పాతిక నుంచి 34 శాతం దాకా చిన్నదని గూగుల్ చెప్పే లెక్క. ఏవిఫ్ చాలాసార్లు ఇంకా చిన్నది. ఇప్పటి బ్రౌజర్లు రెండింటినీ తెరుస్తాయి. సఫారీ వెబ్‌పీని 2020లో, ఏవిఫ్‌ను 2022లో అందుకుంది. పాత ఫోన్ల కోసం 'పిక్చర్' అనే ట్యాగులో ఏవిఫ్, వెబ్‌పీ, జేపెగ్ మూడూ వరసగా రాస్తే బ్రౌజరు తనకు తెలిసిన మొదటిదాన్ని తీసుకుంటుంది, మిగతావి దింపుకోదు.

కానీ చీర చీరే. మంగళగిరి చీర ఒళ్లంతా ఒకటే రంగు, సొగసంతా అంచులోని జరీలో. నిజాం అంచు మీద గోపురాల్లాంటి చిన్న చిన్న మొనలుంటాయి. నష్టంతో కుదించే వెబ్‌పీ రంగును ఎప్పుడూ నాలుగు పిక్సెళ్లకు ఒక్కసారే రాస్తుంది, మార్చే వీలు లేదు. ఎర్ర చీర అంచులోని ఆకుపచ్చ గీతలు అందులో మురికిపట్టాయి. ఏవిఫ్‌లో, జేపెగ్‌లో ప్రతి పిక్సెల్‌కూ రంగు ఉంచే సెట్టింగు ఉంది, దాన్ని ఎంచుకున్నాం. ఏవిఫ్‌ను మరీ బిగిస్తే ఇంకో చిక్కు వస్తుంది. గుడ్డలోని గరుకునంతా నునుపు చేసేసి, నేత చీరను ప్లాస్టిక్ కాగితంలా చూపిస్తుంది. నేతగాళ్ల చేతి పని కనపడకపోతే ఆ ఫొటో ఎందుకు? ఫైలు కొంచెం బరువైనా పోగులు కనపడేచోట ఆగాం.

'రంగు ఫొటోలో ఉన్నట్టు లేదండీ' అని అంతకు ముందు రెండు చీరలు వెనక్కి వచ్చాయట. ఆరా తీస్తే, ఆమె ఫోన్ ఎక్కువ రంగులు పట్టే పద్ధతిలో ఫొటో తీసి, ఆ రంగుల కొలమానాన్ని ఫైలులో ఒక చీటీలా జతచేస్తోంది. కుదించే సాఫ్ట్‌వేర్ ఆ చీటీని చించేస్తోంది. చీటీ లేని అంకెలను బ్రౌజరు మామూలు కొలమానంతో చదివి రంగు వెలిసినట్టు చూపిస్తోంది. కుదించే ముందే మామూలు కొలమానంలోకి మార్చాక ఆ తేడా పోయింది. చించాల్సిన చీటీ ఇంకొకటుంది. ఫోన్‌లో లొకేషన్ వేసి ఉంటే ఫొటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైలులో ఉంటుంది. ఇంట్లోనే మంచం మీద చీర పరిచి ఫొటో తీసి అమ్ముకునే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. ఇంటి చోటు అందరికీ పంచుతున్నామని వాళ్లకు తెలియదు. దాన్ని తీసేశాకే ఫొటో ఎక్కించాలి.

అన్నీ సర్దాక పేజీ మొత్తం నాలుగు ఎంబీ లోపుకి వచ్చింది. అసలు ఫొటోలు, పోస్టర్ అసలు ఫైలు ఒక హార్డ్ డిస్క్‌లో వేసి బీరువాలో పెట్టమన్నాను. ఇంకో పదేళ్లకు ఇంకో ఫార్మాట్ వస్తే మళ్లీ వాటి నుంచే మొదలుపెట్టాలి, కుదించిన వాటి నుంచి కాదు. సంక్రాంతి ముందు ఆమె ఫోన్ చేసింది. బరంపురం నుంచి ఒకావిడ ఎర్ర చీర ఫొటోను పెద్దది చేసి చూసి, "అంచు మొనల పక్కన పోతున్న సన్నగీత ముదురాకుపచ్చే కదమ్మా, నలుపు కాదు కదా?" అని అడిగిందట.